రెండో కాగితం

కొత్తగా ఇమాములయ్యే కుర్రాళ్ళు ఈ ఉద్యోగమంటే రోజుకు ఐదు పూటలా నమాజు చేయించడం, శుక్రవారం ప్రసంగం చెప్పడం అనుకుంటారు. నేనూ అలాగే అనుకుని బందరులో చేరాను. చేరిన వారంలోనే ఒక పాలవ్యాపారి వచ్చి, "నీళ్ళు కలిపానని ముందే చెప్పి అమ్మితే తప్పు లేదుగా మౌలానా గారూ?" అని అడిగాడు. ముప్పై రెండేళ్ళ తర్వాత బంటుమిల్లిలో పని మానుకున్న రోజున కూడా ఒకాయన మోటారు సైకిలు వాయిదాల గురించి అడిగాడు. ఈ మధ్యలో స్వర్గం గురించి అడిగినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అడిగినవన్నీ సరుకు గురించే.

ఇలాంటి ప్రశ్నను మేము మస్లా అంటాం. అడిగేవాడు తెల్లకాగితం పైభాగాన తన ప్రశ్న రాసుకొస్తాడు. దాని కింద నేను జవాబు రాసి, చివర "అల్లాహ్‌కే బాగా తెలుసు" అని ముగించి, సంతకం పెట్టి, మసీదు గుండ్రటి ముద్ర వేస్తాను. ఆ చివరి మాట అలంకారం కాదు. నేను మనిషిని, పొరబడవచ్చు అని ఒప్పుకోవడం. మా ఇంట్లో మాట ఉర్దూ అయినా నేను ఏడో తరగతి దాకా తెలుగు బడిలో చదివాను. అందుకని ప్రశ్న తెలుగులో వస్తే జవాబూ తెలుగులోనే రాసేవాణ్ణి.

మొన్న ఒక కుర్ర మౌలానా ఇంటికొచ్చి, "మీ అనుభవాలు రాయండి హజ్రత్, మాకు పనికొస్తాయి" అన్నాడు. అనుభవాలంటే అందరూ గొప్పలు రాస్తారు. నా దగ్గర గొప్పలు లేవు, రెండు కాగితాలున్నాయి. మొదటిది తలుచుకుంటే నా మీద నాకే కోపమొస్తుంది. రెండోది తలుచుకుంటే ఇప్పటికీ కూర్చున్నచోట కూర్చోలేను, లేచి వసారాలో అటూ ఇటూ తిరుగుతాను. ఈ నాలుగు ముక్కలు రాయడానికే మూడుసార్లు లేచాను. మా ఆవిడ, "కాలు కాలిన పిల్లిలా ఏమిటా తిరుగుడు?" అని కసిరింది.

చెరువు గట్టు

ముందు ఒక చిన్న తప్పు చెప్పాలి. అది చెబితేగాని పెద్దది అర్థం కాదు.

నేను ముఫ్తీని, అంటే ధర్మతీర్పులిచ్చే పెద్ద పండితుణ్ణి కాను. మదరసాలో ఆలిమ్ దాకా చదివాను. పెద్ద మస్లాలు హైదరాబాదు పంపించాలని నియమం. కానీ హైదరాబాదు నుంచి జవాబు వచ్చేలోగా రొయ్య కుళ్ళిపోతుంది. అందుకని చాలావాటికి నేనే చెప్పేవాణ్ణి.

దివిసీమలో ఎక్కడ చూసినా రొయ్యల చెరువులు తవ్వుతున్న రోజులవి. నాగాయలంక నుంచి మస్తాన్ అనే రొయ్యల వ్యాపారి వచ్చాడు. చెరువులో ఉండగానే రొయ్యకు బేరం చేసుకోవచ్చా అని అడిగాడు. నేను తడుముకోకుండా కుదరదన్నాను. నీళ్ళలో ఉన్న చేపను అమ్మకూడదని మా ధర్మశాస్త్రంలో పాత నియమం ఉంది. ఎంత ఉందో, ఎలాంటిదో కొనేవాడికీ తెలియదు, అమ్మేవాడికీ తెలియదు. అలా ఏం చేతికొస్తుందో తెలియని బేరాన్ని గరర్ అంటారు. ఇద్దరిలో ఒకడు ఏడవక తప్పదు కనుక అది నిషిద్ధం.

మస్తాన్ అంతా విని, "మీరెప్పుడైనా రొయ్యల చెరువు చూశారా మౌలానా గారూ?" అన్నాడు.

"పుస్తకంలో చదివాను."

"పుస్తకానికి గట్టుండదు కదండీ. ఒక్కసారి వచ్చి చూడండి. ఆ తర్వాత వద్దంటే మానేస్తాను."

వెళ్ళాను. గట్టు మీద జారి చెప్పు ఒకటి బురదలో పోగొట్టుకున్నాను కూడా. నేను చూస్తుండగానే చెరువులో నాలుగు మూలలా విసురు వల వేశారు. పడ్డ రొయ్యల్ని తూచి, కిలోకి ఎన్ని వస్తున్నాయో లెక్కచూసి, కిలో ధర మాట్లాడుకున్నారు. చెరువంతా పట్టాక ఎన్ని కిలోలు తూగితే అన్నింటికే డబ్బు. ఇందులో తెలియనిదేముంది? పక్క చెరువు దగ్గర ఇంకొకాయన మాత్రం వలా లేదు, తక్కెడా లేదు, గట్టు మీంచి కంటితో చూసి చెరువు మొత్తాన్ని గుత్తకు కొంటున్నాడు. అది అచ్చంగా నీళ్ళలో చేప. జనం మాత్రం ఈ రెండింటినీ చెరువు బేరమనే అంటారు.

పేరు ఒకటే, పనులు రెండు. గట్టు మీదే నిలబడి జవాబు మార్చి రాసిచ్చాను. ఆ తర్వాత ఎంతోమందికి పాఠం చెప్పాను, పేరు విని జవాబివ్వకండి, వెళ్ళి కళ్ళారా చూడండి అని. చెప్పడం తేలికే. పదేళ్ళు తిరక్కుండా నేనే ఆ మాట మరిచాను.

నాలుగు ముక్కల జవాబు

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో గుడివాడ నుంచి జిలానీ వచ్చాడు. వాళ్ళ నాన్న అక్కడ ధాన్యం దళారీగా పేరున్న మనిషి. రైతునీ మిల్లునీ కలిపి బస్తాకింతని తీసుకునేవాడు, ఒక్క మాట అబద్ధమాడేవాడు కాదు. జిలానీని చూస్తే ఆయనే వచ్చినట్టనిపించింది. టై ఎందుకు కట్టుకున్నాడో అడుగుదామనుకుని ఊరుకున్నాను.

"దలాలీ గురించి ఒక మస్లా మౌలానా గారూ. నాన్న ఉంటే ఆయన్నే అడిగేవాణ్ణి" అన్నాడు.

కాగితం మీద చక్కటి దస్తూరీ. ఒక మనిషి ఒక వస్తువును కొనేవాళ్ళకు చూపించి, అది అమ్ముడుపోతే అమ్మినవారి నుంచి ముందుగా మాట్లాడుకున్న దలాలీ తీసుకోవడం ధర్మమేనా, అని ప్రశ్న. మధ్యాహ్నం నమాజుకు వేళవుతోంది. కాళ్ళూ చేతులూ కడుక్కుని వుజూ చేసుకోవాలి. ఏ సరుకని అడగలేదు. ఎలా అమ్ముతారని అడగలేదు. నా కళ్ళ ముందు వాళ్ళ నాన్న, ధాన్యం బస్తాలు ఉన్నాయి. గబగబా రాశాను:

"ధర్మమే. దలాలీ ఎంతో ముందే తెలియాలి. సరుకు నిజమైనది కావాలి. అబద్ధమాడకూడదు. అల్లాహ్‌కే బాగా తెలుసు."

సంతకం, ముద్ర. ఇవాళ్టికీ ఆ జవాబులో ఒక్క అక్షరం తప్పు లేదు. నన్ను కుదురుగా ఉండనివ్వనిది అదే. తప్పు రాసుంటే తప్పు రాశానని ఏడ్చి ఊరుకునేవాణ్ణి.

లైను సరిచేసుకోండి

నమాజుకు భుజానికి భుజం ఆనించి వరసలో నిలబడాలి. ఆ వరసను సఫ్ అంటారు. అందరికీ తెలియాలని నేను వెనక్కి తిరిగి, "లైను సరిచేసుకోండి" అని తెలుగులో చెప్పేవాణ్ణి. ఏళ్ళ తరబడి చెబుతున్న మాట. ఒక సాయంత్రం ఆ మాట అనగానే రెండో వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. మర్నాడు ఇంకో నలుగురు నవ్వారు. నమాజులో నవ్వేమిటని నాకు ఒళ్ళు మండింది.

కరీముల్లాను పిలిచి అడిగాను. అతను మా మోజన్, అంటే అజాన్ ఇచ్చే మనిషి. మసీదు జీతం చాలక గేటు పక్కన కూర్చుని గొడుగులు బాగుచేసేవాడు. వానాకాలం నాలుగు నెలలే అతనికి గిరాకీ. మంచి గొంతు, అంతకన్నా మంచి మనసు.

"ఏం లేదు హజ్రత్, ఇప్పుడు లైనంటే వేరే అర్థం వచ్చింది. ఎవరి లైను వాళ్ళకుంది" అన్నాడు సిగ్గుపడుతూ.

అప్పుడు చెప్పాడు. నడుం నొప్పికి అయస్కాంతపు బెల్టు. అది కొంటే సభ్యుడవుతాం. మన కింద ఇద్దరిని చేర్పించి వాళ్ళచేత బెల్టులు కొనిపిస్తే మనకు కమీషను. ఆ ఇద్దరూ మళ్ళీ ఇద్దరిద్దరిని తెస్తే వాళ్ళ మీదా మనకు కమీషను. అలా కిందికి ఎంత పోతే అంత. కరీముల్లా కింద అప్పటికి పద్దెనిమిది మంది. అందరూ మా నమాజీలూ వాళ్ళ చుట్టాలే. కరీముల్లాను చేర్పించింది మా మసీదు కమిటీ ప్రెసిడెంటు హాజీ గారు. ఇనుప సామాను కొట్టున్న పెద్దమనిషి. ఆయన్ని చేర్పించింది జిలానీ.

"ఇది ధర్మమని ఎవరు చెప్పారు మీకు?"

కరీముల్లా నావైపు వింతగా చూశాడు. జేబులోంచి జిరాక్స్ కాగితం తీశాడు. పైన బెల్టు బొమ్మ. దాని కింద నా దస్తూరీ: "ధర్మమే." ప్రశ్న లేదు. ప్రశ్న ఉన్న భాగాన్ని వెనక్కి మడిచి జిరాక్స్ తీయించారు.

"సంతకం మీదేగా హజ్రత్?"

"నాదే."

"మరింకేం."

నాకు కాళ్ళ కింద చాప లాగేసినట్టయింది. కాస్త తేరుకుని అడిగాను, "నీ బెల్టేది?" అని. ఇంట్లో పెట్టెలో ఉందన్నాడు. కవరు కూడా విప్పలేదట.

"నీకు నడుం నొప్పి లేదా?"

"రోజంతా వంగి కూర్చునేవాణ్ణి, లేకేం హజ్రత్. పొద్దున లేవలేను."

"మరి పెట్టుకోవచ్చుగా?"

"విప్పితే కొత్తవాళ్ళకు చూపించడానికి ఉండదు కదా."

నొప్పి ఉన్నవాడు కూడా నొప్పికి కొనలేదు. నేను చదివిన పుస్తకాలన్నీ చెప్పలేనిది ఆ కవరు చెప్పింది. మనుషులు కొంటున్నది బెల్టు కాదు, లైనులో చోటు.

కుర్రాళ్ళు ఇక్కడ కాస్త నిదానంగా వినాలి. దలాలీ మనిషి కష్టానికి కూలి. నేను తిరిగి, చూపించి, అమ్మిపెట్టాను, తీసుకున్నాను. నా కింద ఐదో వరసలో ఉన్నవాడెవడో నాకు తెలియదు. వాడు ఎండలో తిరిగితే నాకెందుకు కూలి? అదొకటి. బెల్టు కొంటేనే కమీషనుకు అర్హత అంటే ఒక బేరానికి ఇంకో బేరాన్ని ముడిపెట్టడం, మా శాస్త్రం అది కూడదంటుంది. రెండోది అది. ఇక మూడోది, రేపు చేరబోయేవాళ్ళ మీద ఆశ పెట్టి ఇవాళ డబ్బు తీసుకోవడం. ఆ చేరబోయేవాళ్ళు ఎవరో, ఎందరో ఎవరికీ తెలియదు. జిలానీ అమ్ముతున్నది నీళ్ళలో చేపనే. ఎక్కడో ఒకచోట లైను ఆగుతుంది. ఆగినచోట ఉన్నవాళ్ళే ఎక్కువమంది, వాళ్ళే పేదవాళ్ళు.

నాకంటే ఎక్కువ చదివినవాళ్ళు కొందరు షరతులతో సరేనన్నారని తర్వాత విన్నాను. వాళ్ళతో నాకు పేచీ లేదు. వాళ్ళు చూసిన వ్యాపారం వేరే అయి ఉండొచ్చు. నేను చూసింది నేను చెబుతున్నాను.

అద్దాల బోర్డు

హాజీ గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన మేకులు తూస్తూ తల ఎత్తకుండానే విన్నాడు.

"మౌలానా, ముందు మీరే సరేనన్నారు. ఇప్పుడు కాదంటే జనం నవ్వుతారు. మీరు నమాజు చేయించండి. బేరాలు మాకొదిలేయండి" అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. కానీ మసీదు ఇంట్లో అద్దె లేకుండా ఉంటున్నది నేను. జీతం ఇచ్చేది ఆ కమిటీ. ఆయన ఆ సంగతి అనలేదు, అనాల్సిన అవసరమూ లేదు.

నాలుగు రోజులు వాయిదా వేశాను. చివరికి కూర్చుని, పాత జవాబును వెనక్కి తీసుకుంటున్నానని, ఈ బెల్టుల వ్యాపారం ధర్మం కాదని కారణాలన్నీ చూపిస్తూ రాశాను. సంతకం పెట్టి, గుండ్రటి ముద్ర వేసి, మసీదు గుమ్మం పక్కన అద్దాల బోర్డులో పెట్టాను.

ఉర్దూలో రాశాను. మధ్యమధ్య అరబ్బీ వాక్యాలతో.

ఇలాంటి విషయానికి శాస్త్రభాష ఉండాలని అప్పట్లో నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. మా జమాత్‌లో ఉర్దూ గడగడా చదవగలిగినవాళ్ళు పదిమంది ఉంటారేమో. మిగతావాళ్ళు ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు, చదివేది తెలుగు పేపరే. ఆ సంగతి నాకు తెలియదా? తెలుసు. రాసినట్టూ ఉంటుంది, ఎవరికీ తగలకుండానూ ఉంటుంది. పాము చావకూడదు, కర్ర విరక్కూడదు. మొదటి కాగితం నా తొందరపాటు. రెండోది నా పిరికితనం. తొందరపాటును దేవుడు క్షమిస్తాడనే ధైర్యం నాకుంది.

బోర్డు ముందు జనం ఆగారు, చూశారు, తలలూపుకుంటూ వెళ్ళిపోయారు. ఎవరూ నన్నేమీ అడగలేదు. అమ్మయ్య అనుకున్నాను.

నాగాయలంక

మూడు వారాలకు మసీదు పక్క కిరాణా కొట్టుకు మస్తాన్ ఫోన్ చేశాడు.

"మౌలానా గారూ, మీరు బెల్టులకి మళ్ళీ సరేనన్నారటగా? మీ రెండో కాగితం ఇక్కడ చేతులు మారుతోంది. నన్నూ చేరమంటున్నారు. అప్పట్లో నీళ్ళలో చేపంటే వద్దన్న మనిషి దీనికి రెండుసార్లు ఎలా సరేనన్నారా అని అడుగుదామని చేశాను."

"ఏ రెండో కాగితం?"

"ఉర్దూదండీ. నాకు చదవడం రాదుగా. ముద్ర మాత్రం మీదే."

జిలానీకి ఉర్దూ చదవడం వచ్చు. ఆ కాగితం బోర్డులోంచి తీసి జిరాక్స్ తీయించుకుని మళ్ళీ పెట్టేశాడు. బోర్డు తాళంచెవి కరీముల్లా దగ్గర ఉంటుంది. అతను ఆ కాగితం చదివే తాళం తీశాడా, చదవకుండా తీశాడా అని నేను ఇంతవరకూ అడగలేదు. అడగాలనుకున్న ప్రతిసారీ, ముందు నువ్వెందుకలా రాశావని మనసు నన్నే అడిగేది.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కాను. చల్లపల్లి, అవనిగడ్డ దాటి నాగాయలంక చేరేదాకా సీట్లో నిలకడగా కూర్చోలేకపోయాను. పక్కనున్నాయన, "దిగాల్సిన ఊరు దాటిపోయిందాండీ?" అని రెండుసార్లు అడిగాడు. స్టాండులో మస్తాన్ ఎదురొచ్చాడు. ఊరి చివర చేపలు పట్టేవాళ్ళ పేటలో ఈ బెల్టులన్నింటికీ నాంచారమ్మ అనే ఆవిడ పెద్దదిక్కు అని చెప్పి అక్కడికి తీసుకెళ్ళాడు.

నాంచారమ్మకు యాభై దాటి ఉంటాయి. చేపల గంపతో ఊళ్ళు తిరిగే మనిషి. వాకిట్లో చేపలు ఎండబెడుతోంది. మస్తాన్ నా పేరు చెప్పగానే గబగబా చేతులు కడుక్కుని కుర్చీ వేసింది.

"మీరేనా సాయిబు గారూ. మా ఇంటికొచ్చారా. నా పేరు కూడా మీ పిల్లదేగా, మా దేవుణ్ణి చేసుకున్న బీబీ నాంచారమ్మది. కూర్చోండి" అంది.

కూర్చోలేదు. గోడ మీద దేవుడి పటాల పక్కన నా రెండు కాగితాలూ ఉన్నాయి. లామినేషన్ చేయించి, మేకు కొట్టి, ఒకదాని పక్కన ఒకటి.

"ఎప్పుడు చేరావమ్మా?"

"మీ రెండోది వచ్చాకేనండి. మొదటిది చూపించినప్పుడు చేర్లేదు. ఒకసారంటే మొహమాటానికి రాసుంటాడ్లే అనుకున్నాను. మసీదాయన రెండోసారి కూడా రాశాడంటే ఇక ఖాయమే అయ్యుంటదని, పడవ ఇంజను బాగుచేయించడానికి దాచిన డబ్బులు కట్టేశానండి. సాయిబులు వడ్డీయే ముట్టుకోరు, ఇందులో మోసమేముంటదని మావాళ్ళని ఏడుగుర్ని చేర్పించాను. ఇవాళ సాయంత్రం మా మరిది వాళ్ళు కడతన్నారు. వాళ్ళ వలలు అమ్మిన డబ్బులు వచ్చినయ్యి."

వద్దని నేను రాసిన కాగితం చూసి ఆవిడ చేరింది. ఈ మాట రాస్తుంటే మళ్ళీ లేచాను.

గోడ మీంచి రెండోది తీసి ఇమ్మన్నాను. నిలబడే చదివాను. ఉర్దూ వాక్యం ఒకటి లోపల చదువుకోవడం, తెలుగులో పైకి చెప్పడం. మొదటి వాక్యానికే ఆవిడ మొహం మారింది. మస్తాన్ తల దించుకున్నాడు. చివరిదాకా చదివాను.

"అయితే ఇందులో వద్దనే ఉందా అండీ?"

"వద్దనే ఉందమ్మా."

"మొత్తం?"

"మొత్తం."

ఆవిడ ఎండబెట్టిన చేపల మీద వాలిన కాకిని చెయ్యి విసిరి తోలింది. తర్వాత అడిగింది, "మరి మొదటిది తెలుగులో రాశారంటగా. ఇది ఎందుకు తెలుగులో రాయలేదండీ?"

ముప్పై రెండేళ్ళలో నన్ను అడిగిన మస్లాలన్నింటిలోకీ కష్టమైనది అదే. జవాబు మాత్రం ఒక్క మాట. "భయపడ్డానమ్మా" అన్నాను. కళ్ళనీళ్ళు ఆగలేదు. ఆవిడ ఓదార్చలేదు, తిట్టలేదు.

"నాకు తెలుగూ చదవడం రాదులెండి" అంది. "గుండ్రం ముద్ర చూసి నమ్మాను. మీరు రాసింది చాలు. ఏడుగురిళ్ళూ చూపిస్తాను, వచ్చి నోటితో చెప్పండి. ముందు మా మరిది దగ్గరికి పదండి, వాళ్ళు కట్టేలోపు."

ఆ పేటంతా తిరిగాం. ముందు ఆవిడ, వెనక నేను, నా వెనక మస్తాన్. మరిది విని, డబ్బు మూట మళ్ళీ నడుముకు కట్టుకున్నాడు. మిగతా ఏడు ఇళ్ళలోనూ కట్టేసిన డబ్బే. ఒకామె నన్ను నోటికొచ్చినట్టు తిట్టింది. ఒక ముసలాయన, "మీ దేవుడికైనా చెప్పారా ఈ సంగతి?" అన్నాడు. చెప్పానన్నాను. చివరి ఇంటికి వచ్చేసరికి నాకు కాగితం చూడాల్సిన పని లేకపోయింది.

శుక్రవారం

ఆ శుక్రవారం ప్రసంగం పూర్తిగా తెలుగులో చెప్పాను. మొదటి కాగితం ఎలా మడిచారో చెప్పాను, రెండోది ఉర్దూలో ఎందుకు రాశానో కూడా దాచకుండా చెప్పాను. హాజీ గారు మొదటి వరసలోనే ఉన్నారు. నమాజుకు లేచి, "లైను సరిచేసుకోండి" అన్నాను. ఎవరూ నవ్వలేదు.

"మీకు మా మసీదు సరిపడదేమో మౌలానా" అన్నారు హాజీ గారు ఆ సాయంత్రం, మర్యాదగానే. తర్వాతి రంజాను నాటికి నేను గూడూరులో ఉన్నాను, అక్కణ్ణుంచి బంటుమిల్లి. చిన్న మసీదులు, తక్కువ జీతాలు. మా ఆవిడ రెండేళ్ళు సణిగింది, న్యాయంగానే.

ఆ శుక్రవారం తర్వాత కరీముల్లా మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు గేటు దగ్గర బెల్టు కవరు విప్పేసి, లుంగీ మీద కట్టుకుని గొడుగు కుడుతూ కనిపించాడు.

"తగ్గిందా?" అన్నాను.

"ఏం తగ్గలేదు హజ్రత్. ఇంకా దురద పుట్టింది" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. తన చేతికొచ్చిన కమీషను వరకు ఆ పద్దెనిమిది మందికీ పంచేశాడు. అంతకుమించి అతని దగ్గర లేదు. గుడివాడలో కంపెనీ ఆఫీసుకు కొన్నాళ్ళకు తాళం పడింది. జిలానీ నాకు మళ్ళీ కనిపించలేదు. కనిపిస్తే ఏమనాలో ఎన్నోసార్లు అనుకున్నాను. ఏ సరుకని నేను అడిగుంటే వాడు చెప్పేవాడేమో కూడా.

నాంచారమ్మకు నేను డబ్బు పట్టుకెళ్ళాను. సగం తీసుకుని సగం వెనక్కిచ్చింది. "ఏడుగుర్ని చేర్చింది నేనేగా, ఆ సగం తప్పు నాది" అంది. ఇంజను బాగవక ఆ ఏడాది వాళ్ళాయన ఇంకొకరి పడవలో కూలికి వేటకెళ్ళాడు.

అప్పట్నుంచి నా పద్ధతి మారింది. జవాబు మొదటి వాక్యంలోనే అడిగినవాడి ప్రశ్నను నా దస్తూరీతో తిరగరాస్తాను, ఎక్కడ మడిచినా ప్రశ్న పోకుండా. చదివేవాడి భాషలో రాస్తాను. చదవలేనివాడైతే ఇంటికెళ్ళి చెబుతాను. ఏ సరుకని అడగకుండా కలం తీయను. కుర్రాళ్ళు ఇది చాదస్తమంటారు. అననివ్వండి.

గోడ

పని మానుకున్నాక ఒకసారి నాగాయలంక వెళ్ళాను. నాంచారమ్మ గంప మానేసింది, కోడలు తిరుగుతోంది. గోడ మీద మొదటి కాగితం లేదు. రెండోది అలాగే ఉంది, అంచులు పసుపెక్కి.

"ఇంకా తీయలేదా అమ్మా?"

"ఎందుకు తీస్తానండీ. దానంత పనికొచ్చే కాగితం లేదు. స్కీములంటూ ఎవడొచ్చినా దాన్ని చూపించి చదవమంటాను. చదవలేడు. నేను నీ కాగితం చదవలేను, నువ్వు నా కాగితం చదవలేవు, మనకి బేరమెట్టా కుదురుద్ది, పోయిరా నాయనా అంటాను" అంది. తర్వాత లోపలికి కేకేసింది, "అమ్మాయ్, ఇట్టా రా. సాయిబు గారొచ్చారు. ఇదెప్పుడూ వినలేదండీ, దీనికోసారి చదివి పెట్టండి."

కోడలు చెయ్యి తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది. నేను కళ్ళజోడు పెట్టుకుని మొదటి నుంచి తెలుగులో చదివాను. చివరికొచ్చి, అలవాటు చొప్పున, "అల్లాహ్‌కే బాగా..." అంటుండగా నాంచారమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆ ముక్క వద్దులెండి. ఆయనకెట్టాగూ తెలుసు. దీనికి తెలిసేట్టు ఇంకోసారి చెప్పండి."

కాగితం గోడకు తగిలించేసి, ఈసారి కూర్చుని చెప్పాను.